పలికేదాకా

సిమ్రాన్ పిరికిది. ఈ పేరు ఊళ్ళోవాళ్ళు పెట్టింది కాదు, కన్నతల్లి రంజాన్ బీ పెట్టిందే. తన నీడ చూసి తానే జడుసుకునే పిల్ల అని, రేపు అత్తగారింట్లో బల్లి కనపడితే ఎవర్ని పిలుస్తుందోనని నలుగురిలో నవ్వుతూ అంటుంది. సిమ్రాన్ కూడా వాళ్ళతోపాటు నవ్వేస్తుంది. నిజానికి బల్లులన్నా చీకటన్నా ఆమెకు లెక్కలేదు. ఆమె భయమంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది. ఆ మనిషి ఆమె నాయన, జమాల్ సాబ్.

జమాల్ సాబ్ కంబదూరు చుట్టుపక్కల పల్లెల్లో బోరు మోటార్లు బాగుచేస్తాడు. నీళ్ళు ఎంత లోతుకు పోతే అతనికి అంత పని. వానలు ఎగ్గొట్టిన ఏడాది రైతు తలపట్టుకుంటే జమాల్ సాబ్‌కు అన్నం తినే తీరిక ఉండదు. "నువ్వు వాన రాకూడదని నమాజు చేస్తావంట కదా సాబన్నా" అని ఎవరైనా వేళాకోళమాడితే మాత్రం అతనికి నిజంగానే కోపమొస్తుంది. ఎండిన తోటలో నిలబడి రైతు ముఖం చూసేది తనే కదా అంటాడు.

అతనికి ఒక పట్టింపు ఉండేది. ఏ తోటకు పోయినా ముందు బోరు దగ్గరికి పోడు. స్టార్టరు డబ్బా దగ్గరికి పోయి, తెల్లటి పింగాణీ ఫ్యూజులు మూడూ పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఆ తర్వాతే మోటారు మాట. కరెంటు లేదప్పా అని రైతు చెప్పినా సరే, నేను ఇక్కడే కాపలా ఉంటానని ఒట్టేసినా సరే. "కరెంటుకు చుట్టాలు లేరు" అనేవాడు. ఫ్యూజులు తన జేబులో ఉన్నంతసేపూ ఆ మోటారును తిప్పగల మొనగాడు భూమ్మీద లేడని అతని ధీమా. పని అయ్యాక తిరిగి పెట్టడం మరిచిపోయి ఇంటికి తెచ్చుకున్న రోజులూ ఉన్నాయి. తెల్లారగానే రైతు వచ్చి గుమ్మం ముందు నిలబడి తిట్టిపోసేవాడు. రంజాన్ బీ చొక్కా ఉతకబోయి జేబులోంచి ఆ ముక్కలు తీసి విసిరికొట్టేది.

చిన్నప్పుడు సిమ్రాన్ సాయంత్రాలు గడపలో కూర్చునేది. విరిగినవో పాతవో రెండు ముక్కలు ఆ జేబులో ఎప్పుడూ ఉండేవి కాబట్టి, నాయన నడిచొస్తుంటే టీ కప్పులు ఒకదానికొకటి తగిలినట్టు చిన్న చప్పుడయ్యేది. సందు మలుపులో ఆ చప్పుడు వినపడితేనే ఆమెకు ఆకలి తెలిసేది. పక్క పల్లెలో సుంకన్న అనే మోటారు మెకానిక్‌ను కరెంటు పట్టుకున్నప్పటి నుంచి ఆ పిల్ల అలా తయారైంది. సుంకన్న మంచి పనివాడే. స్టార్టరు ఆపానని రైతు అంటే నమ్మాడు, అంతే.

ఆమె ఉద్యోగం ఎంచుకున్నదీ ఈ భయంతోనే. అనంతపురంలో డిగ్రీ అయ్యాక తోటివాళ్ళందరూ బెంగళూరు బస్సెక్కితే, తను మాత్రం అక్కడే ఒక చిన్న కంపెనీలో చేరింది. రైతు ఇంట్లో కూర్చుని ఫోన్ మీద నొక్కితే తోటలో మోటారు తిరగడానికి, ఆగడానికి స్టార్టరుకు తగిలించే చిన్న డబ్బాలు చేసే కంపెనీ అది. ఆ డబ్బా లోపలి ప్రోగ్రాం రాయడం సిమ్రాన్ పని. ఆఫీసు అనంతపురంలో ఉన్నా, కంబదూరులో ఇంట్లోనే, వంటింటి పక్క గదిలో, మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని రాసేది. మనుషులు స్టార్టరును ముట్టుకునే అవసరమే లేకుండా పోతే సుంకన్నలాంటి వాళ్ళు బతుకుతారని ఆమె ఆశ.

ఆ ప్రోగ్రాం సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఆ పిల్లకు పట్టిన వణుకు మనకు అర్థం కాదు. తోటలోని డబ్బాకూ, అనంతపురం ఆఫీసులోని మిషనుకూ మధ్య సిగ్నల్ మీద నడిచే ఒక దారి ఉంటుంది. ఆ దారిలోనే మోటారు మాటలకు ఒక ఛానెల్, నీటి లెక్కలకు ఇంకో ఛానెల్. ఛానెల్ తెరవడం ఎవడైనా తెరుస్తాడు, మూయడానికే మర్యాద కావాలి. ఒకరు "మూస్తున్నా" అనాలి. రెండోవాళ్ళు చేతిలో మిగిలిపోయిన పని ఏదైనా ఉంటే తేల్చేసి, "సరే, మూశాను" అని పలకాలి. "పోయొస్తా" అన్న మనిషి "పోయిరా" అని లోపలి నుంచి వినపడేదాకా గడప దాటడు చూడండి, అట్లాంటిదే. రెండో మాట వినపడనంతవరకు ఆ ఛానెల్ మూసుకుందని ఎవరూ అనుకోకూడదు.

కానీ గుట్టల నడుమ సిగ్నల్ నిలకడగా ఉండదు. రైతు నొక్కిన ఆజ్ఞ డబ్బాకు చేరుతుంది, పని పూర్తయ్యేలోగా ఛానెల్ తెగిపోతుంది. నొక్కినా తిరగలేదని రైతులు గొడవ. వాళ్ళ మేనేజరు ప్రతాప్ రోజూ ఫోన్ చేసి, రైతు నొక్కాడంటే మోటారు తిరిగి తీరాలమ్మా అనేవాడు. అందుకని సిమ్రాన్ ఒక ఉపాయం చేసింది. పూర్తికాని ఆజ్ఞను డబ్బా పారేయకుండా దాచుకుంటుంది. మళ్ళీ ఛానెల్ తెరుచుకున్న మరుక్షణం మొదట దాన్నే చేస్తుంది. అటు ఆఫీసులోనూ ఒక సర్దుబాటు జరిగింది. డబ్బా ఎంతకీ పలకకపోతే, మిషను విసిగిపోయి "ఛానెల్ మూసింది" అని తనకు తానే రాసుకుంటుంది. రెండూ విడివిడిగా చూస్తే తెలివైన పనులే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసిన మనిషే లేడు.

రైతులు సంతోషించారు. జమాల్ సాబ్ సంగతి చెప్పక్కర్లేదు. టీ అంగట్లో, మసీదు మెట్ల మీద, ఎవరు దొరికితే వాళ్ళకు చెప్పేవాడు, నా బిడ్డ మంచం మీద కూర్చొని మోటారు ఆపుతాదప్పా అని. మోకాళ్ళ నొప్పులొచ్చాక బోరు దగ్గర నుంచి స్టార్టరు దాకా నడవడం అతనికి కష్టమైంది. ఒకనాడు అన్నం తింటూ సిమ్రానే అంది, "ఇంగా ఆ పింగాణీ ముక్కలు ఏంటికి నాయనా, నాకు ఫోన్ చెయ్, నేను చూసి చెప్తా." మరుసటి వారం నుంచి చొక్కా జేబు బోసిపోయింది. బిడ్డ మాట మీద గురి కుదిరింది ఆ మనిషికి. ఆ గురి చూసి ఆమె పొంగిపోయింది కూడా.

ఈ వేసవిలో ఒక పొద్దున ఫోన్ వచ్చింది.

"పాపా, రామలక్ష్మమ్మ చీనీ తోటలో ఉండా. తెల్లారుజామున నొక్కితే మోటారు తిరగలేదంట. బురదలో ఇరుక్కున్నట్టుండాది. నేనూ ఆయమ్మ జీతగాడు లక్ష్మన్నా రెండు పైపులు పైకెత్తి చూస్తాం. ఆపినావా?"

సిమ్రాన్ తెర వైపు చూసింది. ఛానెల్ మూసింది, మోటారు ఆగింది అని ఉంది.

"ఆగే ఉండాది నాయనా. పని చేసుకో."

"సరే" అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

కాసేపటికి సిగ్నల్ పోయింది. టవర్‌కు ఏమైందో, కంబదూరు మొత్తంలో ఏ ఫోనూ పలకలేదు. వీధిలో జనం ఫోన్లు ఆకాశం వైపు ఎత్తి అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు. సిమ్రాన్‌కు పని ఆగిపోయింది. రంజాన్ బీ ఇచ్చిన టీ తాగుతూ, తెర మీద అప్పటికే వచ్చి ఉన్న పాత వరుసలను ఊరికే వెనక్కి జరిపి చూసుకుంటూ కూర్చుంది. రామలక్ష్మమ్మ తోట డబ్బా వరుసలు కనపడ్డాయి. తెల్లారుజామున "మోటారు తిప్పు" అన్న ఆజ్ఞ అందింది. మోటారు ఇరుక్కుని తిరగలేదు, కాబట్టి ఆజ్ఞ పూర్తి కాలేదు. తర్వాత సిగ్నల్ తడబడింది. ఆఫీసు మిషను "మూస్తున్నా" అంది. దాని కింద డబ్బా జవాబు ఉండాలి.

లేదు. దాని కింద ఉన్నది మిషను తనకు తానే రాసుకున్న "ఛానెల్ మూసింది" అన్న ముక్క.

సిమ్రాన్ టీ గ్లాసు కింద పెట్టబోయింది. అది మంచం మీద ఒలికింది. తను ఆగిందని చెప్పింది ఆ ముక్క చూసే. ఆ డబ్బా "సరే, మూశాను" అని అననే లేదు. మోటారు తిప్పమన్న ఆజ్ఞను ఇంకా పట్టుకునే ఉంది. సిగ్నల్ కోసం కాచుకుని ఉంది. టవర్ లేచిన మరుక్షణం అది ఛానెల్ తెరుస్తుంది, తెరవగానే మొదట చేసేది ఆ పనే. అలా చేయమని రాసింది తనే. పొద్దున మోటారు బురదలో ఉంది కాబట్టి తిరగలేదు. ఇప్పుడు నాయన దాన్ని బురదలోంచి పైకి లాగుతున్నాడు. ఈసారి తిరుగుతుంది.

ఫోన్ తీసుకుని నాయనకు నొక్కింది. పోలేదు. మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. అప్పుడు తట్టింది ఆమెకు అసలు సంగతి. ఆ గుట్ట కిందికి ఉన్నది ఒకటే టవర్. నాయన ఫోన్ మోగిందంటే సిగ్నల్ వచ్చినట్టే. సిగ్నల్ వచ్చిందంటే డబ్బా లేచినట్టే. తను హెచ్చరించగలిగే క్షణమూ, ఆ మోటారు తిరిగే క్షణమూ ఒకటే.

స్కూటీ తాళాలు తీసుకుని బయటికొచ్చింది.

"యాడికే ఎండలో?" అంది రంజాన్ బీ.

"నాయన దగ్గరికి. అమ్మా, సిగ్నల్ రాకూడదని దువా చెయ్."

"రావాలని కదా చేయాల్సింది?"

"రాకూడదని చెయ్ మా" అంది సిమ్రాన్. కూతురి ముఖం చూశాక రంజాన్ బీ ఇంకో ప్రశ్న వేయలేదు. కొంగు తల మీదికి లాక్కుంది.

ఊరంతా సిగ్నల్ కోసం అల్లాడుతుంటే, అది రాకూడదని కోరుకునే మనిషి ఆ పూట సిమ్రాన్ ఒక్కతే. టీ అంగడి శ్రీనివాసులు ఆమెను చూసి చెయ్యెత్తాడు. "ఏం పాపా, కంప్యూటర్ల దానివి నువ్వే అడగాల. టవర్ ఎప్పుడొస్తాది?" అన్నాడు. ఆమె ఆగలేదు. సబ్‌స్టేషన్‌కు పోయి లైను ఆపమంటేనో అని ఒక ఆలోచన వచ్చింది. అది తోటకు ఎదురు దిక్కున ఉంది. అక్కడికి పోయి, ఎవరినో వెతికి, జరిగింది అర్థమయ్యేలా చెప్పి ఒప్పించి... అంతసేపు టవర్ ఊరుకుంటుందా? ముందు నుయ్యి వెనుక గొయ్యి. బండి గుట్ట వైపు తిప్పింది.

ఫోన్ బండి ముందరి అరలో కనపడేలా పెట్టుకుంది. రోడ్డు మీద చూపు నిలిచింది తక్కువ, ఆ ఫోన్ మీద నిలిచిందే ఎక్కువ. సిగ్నల్ గీతలుండాల్సిన చోట ఖాళీగా ఉంది. అలాగే ఉండు, అలాగే ఉండు అనుకుంది. తారు రోడ్డు దిగి మట్టిదారి పట్టాక బండి చక్రం ఇసుకలో జారుతోంది. రెండు పక్కలా చెనక్కాయ, అదే వేరుశనగ, వేయాల్సిన నేలలు వాన కోసం నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. ఆమె కంటికి అవేవీ ఆనలేదు. నాయన చేతులే కనపడుతున్నాయి. కుడి చేత్తో పెద్ద పానా పట్టుకుని, పైపు మీదికి వంగి, ఎడమ చేత్తో కేబుల్ పక్కకు తోస్తూ ఉంటాడు. ఆయన పని చేసే పద్ధతి ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. మోటారు తిరిగితే పైపు గిర్రుమని ఆ పానాను విసిరేస్తుంది, అది చేతి మీద పడొచ్చు, తల మీద పడొచ్చు. కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుపోయి ఉంటే పానాతోనూ పని లేదు, కరెంటే పట్టుకుంటుంది. సుంకన్న శవాన్ని ట్రాక్టరులో తమ వీధి మీదుగా తీసుకుపోయిన రోజు అతని కూతురు కాళ్ళకు చెప్పులు లేకుండా ఆ ట్రాక్టరు వెనక పరిగెత్తింది. సిమ్రాన్ గడపలోంచి చూసింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

గుట్ట దగ్గరపడింది. చీనీ తోటలోని బత్తాయి చెట్ల పచ్చదనం కనపడింది.

ఫోన్ టుంగుమంది.

ఒక మెసేజి. ఆ వెంటనే ఇంకోటి. ఆ తర్వాత పొద్దున నుంచి ఆగిపోయినవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. కంపెనీ గ్రూపులో ఎవరో గుడ్ మార్నింగ్ పువ్వులు పంపారు. తెర మీద నిండుగా గీతలున్నాయి.

సిమ్రాన్ అరవలేదు, ఏడవలేదు. చేయి యాక్సిలరేటరును బిగించి పట్టుకుని అలాగే ఉండిపోయింది. బండి పోతూనే ఉంది. ఇంకా రెండు మలుపులున్నాయి. ఆ రెండు మలుపులూ ఎలా తిరిగిందో ఈనాటికీ ఆమెకు గుర్తులేదు. జరగాల్సింది జరిగిపోయిందని, తను ఇప్పుడు పోతున్నది చూడడానికేనని మాత్రం తెలుసు.

తోట గేటు దగ్గర బండి పడేసి పరిగెత్తింది. మోటారు చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం ఇంకా భయపెట్టింది. చెట్ల సందుల్లోంచి బోరు మీది మూడుకాళ్ళ స్టాండు కనపడింది, ఒక కాలు పక్కకు జరిగి ఉంది. పెద్ద పానా దూరంగా ఒక చెట్టు పాదులో పడి ఉంది. రామలక్ష్మమ్మ నీళ్ళ చెంబు పట్టుకుని వంగి ఉంది. లక్ష్మన్న మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళిద్దరి నడుమ, నేల మీద, జమాల్ సాబ్ కాళ్ళు చాపుకుని, కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

కూర్చుని ఉన్నాడు. తల ఎత్తి చూశాడు.

సిమ్రాన్ అక్కడికక్కడే ఆగిపోయింది. చీనీ చెట్టు కొమ్మ పట్టుకుంది. ముల్లు అరచేతిలో దిగింది, అది ఆమెకు సాయంత్రం దాకా తెలియలేదు.

"రెండో పైపు ఎత్తినాము పాపా" అన్నాడు లక్ష్మన్న, అడగకుండానే. "సాబన్న పానా పట్టుకోని ఉండాడు. ఉన్నట్టుండి మోటారు తిరిగింది. పైపు గిర్రున తిరిగి పానాను ఇసిరేసింది. నేను ఉరికిపోయి స్టార్టరు ఆపినా. చెయ్యి మీద పడింది కాబట్టి సరిపోయింది. రవ్వంత పైకి తగిలుంటే..." మిగతాది మింగేశాడు.

మణికట్టు పైన చేయి వంగకూడని చోట వంగి ఉంది. జమాల్ సాబ్ ముఖం చెమటతో తడిసిపోయింది. ఆయన సిమ్రాన్ కళ్ళలోకి సూటిగా చూసి, అందరికీ వినపడేలా అన్నాడు. "నాదే తప్పు. ఫ్యూజులు పీకకుండా పనిలోకి దిగినా. ముసిలితనం కదా, మరిచిపోయినా."

"ఇన్నేండ్లలో ఎప్పుడూ మరవలేదే సాబన్నా" అంది రామలక్ష్మమ్మ.

"ఈ పొద్దు మరిచినా కదమ్మా."

సిమ్రాన్‌కు అర్థమైంది. పొద్దున తను ఫోన్లో ఇచ్చిన మాట ఈ తోటలో ఎవరికీ తెలియదు. నాయన దాన్ని మింగేస్తున్నాడు. ఏ ఒక్క మోటారు విషయంలోనూ ఒక్క పొరపాటూ చేయని మెకానిక్ అన్న పేరు, జీవితమంతా కూడబెట్టుకున్న ఒక్కగానొక్క ఆస్తి, బిడ్డ మీద ఎవరూ వేలెత్తకూడదని మట్టిలో పోసేస్తున్నాడు. ఆమె నోరు మూసుకుంటే చాలు. ఉద్యోగం ఉంటుంది, ఊళ్ళో గౌరవం ఉంటుంది. ఆమెకు భయమేసింది, మాట్లాడటానికి భయమేసింది. ఆ భయం వెనకే ఇంకో భయం తోసుకొచ్చింది. టవర్ ఇప్పుడే లేచింది. ఈ చుట్టుపక్కల ఇంకెన్ని తోటల్లో ఇలాంటి డబ్బాలు పాత ఆజ్ఞలు పట్టుకుని ఇప్పుడే కళ్ళు తెరుస్తున్నాయో. ఏ బోరు దగ్గర ఎవరి నాయన వంగి ఉన్నాడో.

"నాయన మరవలేదు" అంది. "ఆగిందని నేను చెప్పినా. నా మాట నమ్మి పీకలేదు. అది ఆగలేదు. తప్పు నా ప్రోగ్రాంలో ఉండాది."

"ఊరికే ఉండు పాపా."

"ఉండను నాయనా."

రామలక్ష్మమ్మ చెంబు కింద పెట్టి ఆ పిల్ల వైపు చాలాసేపు చూసింది. ఆ చూపే సిమ్రాన్‌కు ఎక్కువ గుచ్చుకుంది.

లక్ష్మన్న ఆటో కోసం ఊళ్ళోకి ఫోన్ చేశాడు. సిమ్రాన్ ప్రతాప్‌కు చేసింది.

"అన్నా, కంబదూరు టవర్ కింద ఉన్న మోటారు ఛానెళ్ళన్నీ మూసెయ్. ఏ డబ్బా అడిగినా తెరవద్దు."

"ఏమ్మా, రైతులు నన్ను బతకనిస్తారా? ఎండాకాలం ఇది. ఏమైందో చెప్పకుండా..."

"మా నాయన చెయ్యి ఇరిగిందన్నా. మోటారు తనంతట తాను తిరిగింది."

అవతల మీటల చప్పుడు వినపడింది. "మూసినా" అన్నాడు.

"నువ్వు మూసినావు. డబ్బాలు పలికినాయా?"

"అంటే?"

"జవాబు ఇచ్చినాయా అన్నా? ఒకటొకటి చూసి చెప్పు. పలకని డబ్బా ఏ రైతుదో ఆ పేరు చెప్పు."

అతను చెబుతూ పోయాడు. పలికినవి చాలానే ఉన్నాయి. పలకని పేరు వచ్చినప్పుడల్లా లక్ష్మన్న తన ఫోన్లోంచి, రామలక్ష్మమ్మ తన ఫోన్లోంచి ఆ రైతుకు చేసి, ఉన్నపళంగా పోయి ఫ్యూజులు పీకెయ్యప్పా, ఏంటికో తర్వాత చెప్తాం అన్నారు. సిమ్రాన్ మధ్యమధ్యలో నాయన వైపు చూస్తోంది. ఆయన పెదవులు తెల్లబడుతున్నాయి. ఆమె ఫోన్ దించబోతే, ఆయన ఎడమ చెయ్యి ఎత్తి అడ్డం ఊపాడు.

"నా చెయ్యి యాడికీ పోదు. వాళ్ళకు చెయ్" అన్నాడు.

ఆటో వచ్చేసరికి పలకని పేరు ఒక్కటే మిగిలింది. ఆ రైతు ఫోన్ ఎత్తలేదు. లక్ష్మన్న సిమ్రాన్ బండి తీసుకుని ఆ తోటకు పోయాడు. సిమ్రాన్ నాయనతో ఆటో ఎక్కింది. ఆసుపత్రిలో ఆయన చేతికి కట్టు కడుతుండగా లక్ష్మన్న ఫోన్ చేశాడు. పీకేశానన్నాడు. ఆ తోటలో మనుషులెవరూ లేరని, గట్టు మీద రెండు మేకలు మాత్రం ఉన్నాయని చెప్పాడు. అప్పుడు ఏడ్చింది సిమ్రాన్. ఆసుపత్రి వరండాలో, అందరూ చూస్తుండగా, ముక్కు చీదుకుంటూ.

తర్వాతి రోజుల్లో ఆమె ఆ ప్రోగ్రాం మొత్తం విప్పింది. ఛానెల్ తెగితే, చేతిలో ఉన్న ఆజ్ఞను డబ్బా దాచుకోకూడదు. ఇది కాలేదు అని ఇచ్చినవాడికే తిప్పి పంపాలి. కావాలంటే రైతే మళ్ళీ నొక్కుకుంటాడు. కొత్త ఛానెల్‌లోకి పాత మాట ఒక్కటి కూడా రాకూడదు. ఇవన్నీ ప్రతాప్ ఒప్పుకున్నాడు. ఒక్కదాని దగ్గరే పేచీ పెట్టాడు. డబ్బా పలకనప్పుడు తెర మీద "మూసింది" అని రాకూడదని, "తెలియదు" అని రావాలని ఆమె పట్టుబట్టింది.

"కంపెనీ పరువేం కావాలమ్మా? దుడ్లు పోసి కొన్నోడు తెలియదు అనే మాట చూస్తే భయపడడా?"

"భయపడనీ అన్నా" అంది సిమ్రాన్. "భయపడితే ఫ్యూజు పీకుతాడు."

ఆ మాట మీద ప్రతాప్ రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు తెర మీద "తెలియదు" వచ్చింది. ఊళ్ళో ఒకరిద్దరు రైతులు ఆ డబ్బాలు మాకొద్దని పీకి ఇచ్చేశారు. శ్రీనివాసులు టీ అంగట్లో ఆమెను గురించి రకరకాలుగా మాట్లాడుకున్నారు. రామలక్ష్మమ్మ మాత్రం డబ్బా ఉంచుకుంది. ఎందుకు ఉంచుకున్నావని అడిగితే, "ఆ పిల్ల తప్పు చెప్పుకునింది కదప్పా. చెప్పుకోనోళ్ళ డబ్బా నాకేంటికి" అందట.

జమాల్ సాబ్ కట్టుతో ఇంట్లో కూర్చున్నన్నాళ్ళూ ఆ పొద్దు ఊసు ఎత్తలేదు. సిమ్రాన్ అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే తినేవాడు. ఒకసారి మాత్రం, నీళ్ళు తాగి గ్లాసు ఇస్తూ, "నువ్వు చెప్పినావని నేను పీకకుండా పోలేదు పాపా. నాకు మోకాళ్ళ నొప్పి, బద్ధకించినా" అన్నాడు. ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

వానలు రెండు పడి, చెనక్కాయ మొలిచాక ఆయన మళ్ళీ పనిలోకి దిగాడు. రంజాన్ బీ వద్దంది. కుడి చేయి ఇంకా పూర్తిగా తిరగడం లేదు. అయినా పోయాడు. సిమ్రాన్ లాప్‌టాప్ ముందు కూర్చుంది గానీ ఒక్క అక్షరం రాయలేకపోయింది.

ఫోన్ మోగింది.

"పాపా, తోట కాడ ఉండా. ఆపినావా?"

ఆమె ఆ డబ్బాకు "మూస్తున్నా" పంపింది. తెర మీద "తెలియదు" అని వచ్చింది.

"ఉండు నాయనా. ఇంగా పలకలేదు."

"ఉంటా" అన్నాడాయన. ఫోన్లో గాలి వినపడుతోంది, దూరంగా ఎవరో ఎద్దులను అదిలిస్తున్నారు. ఆమె తెర మీదనుంచి కళ్ళు తీయలేదు. ఆయన పోనీలే అనలేదు, తొందరపెట్టలేదు. చాలాసేపటికి ఆ మాట మారింది. సరే, మూశాను.

"పలికింది" అంది. "ఫ్యూజులు పీకినావా?"

"పీకినా."

"యాడ పెట్టినావు?"

"జేబులో."

"వినిపించు."

అవతల బట్ట కదిలిన చప్పుడు. కట్టు విప్పిన చేయి కదా, జేబులోంచి తీయడానికి ఆలస్యమైంది. తర్వాత ఫోన్‌కు బాగా దగ్గరగా, టీ కప్పులు ఒకదానికొకటి తగిలినట్టు, చిన్న చప్పుడు రెండుసార్లు వినపడింది.

"ఇంగ పని చేసుకో నాయనా" అంది సిమ్రాన్.